పాత మిద్దెను చదవడం వస్తే.. కొత్త కొలువు!

ముంబయిలోనో పుణెలోనో ఓ పాత ఇంటికి పోయి, వంటగట్టు మీదున్న నల్లబండను చూపించి ఇదేంటని అడగండి. ‘కడప్పా’ అంటారు. అది మన కడపే! జిల్లా పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ 2005లో మారినా, రాయికి మాత్రం ఆ పాత పేరే ఉండిపోయింది. అదే బండ మన పల్లెల్లో అరుగుగా, మెట్టుగా, గోడలో అరగా కనిపిస్తుంది. ఇల్లు పడగొట్టిన రోజు చాలాచోట్ల ట్రాక్టర్‌లోకెక్కి ఏ గుంతనో పూడ్చడానికి పోతుంది. నగరంలో అదే రకం బండ వేసి ‘రెట్రో లుక్’ అని కొటేషన్‌లో రాస్తారు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. పాత ఇంటిలో ఏది విలువైంది, ఏది ప్రమాదం, దేన్ని ఎలా కొత్త ఇంట్లోకి తేవచ్చు.. ఇది చెప్పగలిగినవాళ్లు మన దగ్గర తక్కువ. సర్టిఫికెట్ చేతబట్టుకుని హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కే ముందు, ఇంటి పక్కనే ఉన్న ఈ పని గురించి ఓసారి చూద్దాం.

రెట్రో అంటే ఏంది?

ఇంటీరియర్స్ రంగంలో మూడు మాటలు కలగాపులగం అవుతుంటాయి. ఇంటర్వ్యూలో తడబడకుండా ముందు వీటిని విడదీసుకోండి.

యాంటిక్ అంటే వాడుకలో వందేళ్లు దాటిన వస్తువు. వింటేజ్ అంటే అంత పాతది కాకపోయినా, తన కాలపు గుర్తులున్న అసలు వస్తువు. మీ తాత కొన్న రేడియో వింటేజ్. రెట్రో అంటే పాత కాలపు తీరును ఇప్పుడు తెచ్చుకోవడం. వస్తువు కొత్తదే కావచ్చు, తీరు పాతది. నిన్న తయారైన గుండ్రటి స్విచ్చు రెట్రో అవుతుంది, వింటేజ్ కాదు. ఈ తేడా తెలియని కస్టమర్‌కు కొత్త సరుకును పాతదని అంటగట్టే అమ్మకందారులు ఉంటారు. తేడా చెప్పగలిగిన డిజైనర్ మీదే నమ్మకం కుదురుతుంది.

ప్రపంచంలో రెట్రో అనగానే ఎక్కువగా 1950ల నుంచి 1980ల దాకా ఉన్న తీరును తీసుకుంటారు. మన సీమలో మాత్రం రెండు పొరలున్నాయి. ఒకటి మట్టి మిద్దె. మందపాటి రాతి గోడలు, కొయ్య దూలాలు, తలవాకిలి, అరుగులు, గోడలో దీపం గూళ్లు, మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాచి. రెండోది పట్టణాల్లో వచ్చిన తొలితరం ఆర్‌సీసీ ఇల్లు. మొజాయిక్ ఫ్లోరింగ్, ఎర్ర గచ్చు, సిమెంటు జాలీలు, ఇనుప గ్రిల్లు వరండా. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి 1956 దాకా ఆ హోదాలో ఉన్న కర్నూలు పాత వీధుల్లో, కడప పాత వీధుల్లో తలెత్తి చూస్తూ నడవండి. ఈ రెండు పొరలూ పక్కపక్కనే దొరుకుతాయి.

మన రాయి, దాని రసాయనం

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అవుకు.. ఇప్పుడివి 2022లో ఏర్పడ్డ నంద్యాల జిల్లాలో ఉన్నా, మన నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. ఇటు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు. ఆ పక్కనే అనంతపురం జిల్లా తాడిపత్రి. ఈ పట్టీ పొడవునా నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. భూగర్భ శాస్త్రంలో కడప, కర్నూలు అన్న పేర్లు ఊళ్లకే కాదు, రాతి పొరలకు కూడా ఉన్నాయి. విలియం కింగ్ ఈ పొరల మీద చేసిన అధ్యయనాన్ని భారత భూగర్భ సర్వే సంస్థ 1872లోనే అచ్చువేసింది.

నాపరాయి పలకలు పలకలుగా విడుతుంది. పెద్ద యంత్రాలు లేని కాలంలోనే మనవాళ్లు దాన్ని చీల్చి నేలకు, కప్పుకు, అల్మరాకు వాడుకోగలిగింది అందుకే. చెక్కకు పట్టే చెదలు దీన్ని ముట్టవు. నీళ్లు తగిలితే ప్లైవుడ్‌లా ఉబ్బదు. ఎండాకాలం మధ్యాహ్నం ఒట్టి కాళ్లతో నాపరాళ్ల నేల మీద నడిచినవాళ్లకు దాని గొప్పదనం వేరే చెప్పక్కర్లేదు.

మరి లోపం? ఇది సున్నపురాయి. ఆమ్లం తగిలితే కరుగుతుంది. కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహల్లో నీళ్లు ఏళ్ల తరబడి రాతిని తిని, 3 కిలోమీటర్లకు పైగా దారులు తొలిచాయి. అదే గుణం వంటగట్టు మీద చిన్న ఎత్తున పనిచేస్తుంది. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికి ఆరితే బండ మీద తెల్ల మచ్చ పడుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ పోస్తే పాలిష్ పోతుంది. కస్టమర్‌కు ఈ మాట ముందే చెప్పాలి. వంటగట్టుకు సీలర్ పూయించి, పులుపు ఒలికితే వెంటనే తుడవమనాలి. పులుపు తగలని చోట్ల, అంటే అరలు, కిటికీ గట్లు, మెట్లు, వరండా నేల, పుస్తకాల అల్మరాలకైతే ఇది హాయిగా పనికొస్తుంది.

ఇంకో మాట. అద్దంలా మెరిసే పాలిష్ చేయిస్తే రాయి గ్రానైట్‌లా కనిపిస్తుంది, పాతదనం పోతుంది. రెట్రో కావాలంటే చేత్తో చీల్చిన గరుకుతనాన్ని కొంచెం ఉంచి, అంచులు మాత్రం నునుపు చేయించాలి. తడి తగిలే మెట్లకు ఆ గరుకే క్షేమం కూడా.

మిద్దె బరువు ఎంతో తెలుసా?

పాత మిద్దె ఫొటోల్లో అందంగా ఉంటుంది. వానాకాలంలో మట్టి మిద్దె కూలి ప్రాణాలు పోయిన వార్తలు కూడా మనకు కొత్తకాదు. రెట్రో మోజులో ఈ రెండో సంగతి మరిచిపోతే అది నేరం కిందే లెక్క.

మిద్దె కప్పు తీరు చూడండి. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆపైన చెక్కలో బండలో పరిచి, దాని మీద మట్టి. కురవకుండా ఉండాలని పైన చౌడుమట్టి వేస్తారు. కారినప్పుడల్లా మళ్లీ కొత్త మట్టి. పాతది తీసేది తక్కువ, కొత్తది వేసేది ఎక్కువ. అలా తరాల తరబడి మందం పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. పొడి మట్టి ఘనపు మీటరుకు 1,600 కిలోలు అనుకుందాం. అడుగు మందం ఉంటే చదరపు మీటరుకు 490 కిలోల దాకా వస్తుంది. 10 అడుగులు × 12 అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు. నెత్తి మీద ఐదు టన్నుల పైమాటే! వానకు నానితే ఇంకా పెరుగుతుంది. ఈ రోజుల్లో మనుషులు ఎక్కే ఆర్‌సీసీ కప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం తీసుకునే లైవ్ లోడు చదరపు మీటరుకు 150 కిలోలే. దానికి మూడింతల మట్టి బరువును ఆ కొయ్య దూలం నిత్యం మోస్తోందన్నమాట. గోడలోకి దూరిన దూలం కొన తడికి కుళ్లినా, చెదలు తిన్నా బయటికి తెలియదు. కనిపించే నడుము భాగం గట్టిగానే ఉంటుంది.

అందుకే ఏ పాత ఇంటికి పోయినా మొదట చూడాల్సింది చెక్కడాలు కాదు, దూలం కొనలు. సుత్తితో మెల్లగా తట్టితే గట్టి కొయ్య ఖంగుమంటుంది, లోపల తిన్నది బొద్దుగా మోగుతుంది. సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చితే సులువుగా దిగకూడదు. గోడ మీద నిలువు పగుళ్లు, కప్పులో వంపు కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చేదాకా ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వద్దు. ఉంచదగ్గ మిద్దె అయితే అదనపు మట్టి దించి, దూలాలకు ఆనుగా ఉక్కు చేర్చి, పైన తేలికైన వాటర్‌ప్రూఫ్ పొర వేయడం ఒక దారి. ఇవన్నీ ఇంజినీర్ డిజైన్ మీద జరగాల్సినవి, యూట్యూబ్ చూసి చేసేవి కావు. ఉంచదగనిదైతే కప్పు మార్చి, దూలాలను మరోలా వాడుకోవచ్చు. నడుము భాగం బాగున్న ఒక పాత దూలం నుంచి బల్లలు, మెట్ల పలకలు, కిటికీ చట్రాలు తీయొచ్చు.

ఏది ఉంచాలి? ఏది మార్చాలి?

రెట్రో రెనొవేషన్ అంతా ఈ ఒక్క ప్రశ్నే. కంటికి కనిపించేది పాతది, ప్రాణానికి సంబంధించింది కొత్తది. ఈ సూత్రం గుర్తుంచుకుంటే చాలావరకు తప్పు జరగదు.

తలుపులు: పాత తలవాకిళ్లలో టేకు ఉంటుంది, వేప ఉంటుంది, తుమ్మ కూడా ఉంటుంది. రంగు పొరల కింద ఏముందో ఓ మూల గీకి చూస్తేగానీ తెలియదు. పాత తలుపులు తరచూ పొట్టిగా ఉంటాయి. తలవంచుకుని లోపలికి పోయేది గుర్తుందా? ఇప్పటి తలుపు 7 అడుగులు. పొట్టి తలుపును సాగదీయలేం కాబట్టి పైన అద్దం పలక పెట్టి ఎత్తు కలపొచ్చు, లేదా హాలుకు, భోజనాల గదికి మధ్య అడ్డుగా నిలపొచ్చు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చొద్దు. తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి.

గోడలు: మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత రాతి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే ఏమవుతుంది? గోడలోని తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. కొన్నేళ్లకు ప్లాస్టరింగ్ పెచ్చులూడుతుంది, కింద రాయి కూడా పాడవుతుంది. దానికి సరైన మందు సున్నమే. ఎద్దులు తిప్పిన గానుగలో సున్నం, ఇసుక నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి వాడిన పద్ధతి మనదే. ఈ పని తెలిసిన బేల్దారి మేస్త్రీలు ముసలివాళ్లయిపోతున్నారు. వాళ్ల దగ్గర నాలుగు వారాలు నిలబడి చూసి, పాళ్లు రాసుకుని, వీడియో తీసుకున్న సివిల్ విద్యార్థి చేతిలో ఏ పుస్తకంలోనూ సులువుగా దొరకని నోట్స్ ఉన్నట్టు.

నేల: ఎర్ర గచ్చు అంటే సిమెంటులో ఐరన్ ఆక్సైడ్ రంగు కలిపి, తాపీతో గంటల కొద్దీ నునుపు దేల్చిన నేల. మొజాయిక్ అంటే సిమెంటులో పాలరాతి చిప్స్ వేసి, గట్టిపడ్డాక యంత్రంతో అరగదీసింది. మీ ఇంట్లో పాత మొజాయిక్ మసకబారిందని దాని మీద టైల్స్ వేయించకండి. ముందు ఓ మూల చిన్న ముక్క పాలిష్ చేయించి చూడండి. చాలాసార్లు అడుగున రంగులు అలాగే ఉంటాయి. పగలగొట్టి కొత్తది వేయడం కంటే పాలిష్ తక్కువ పని, తక్కువ చెత్త.

కరెంటు: ఇక్కడ రాజీ వద్దు. గుడ్డ చుట్టిన పాత వైరు, నల్ల బేకలైట్ స్విచ్చు షోకేసులో పెట్టుకోండి. గోడకు మాత్రం కొత్త రాగి వైరు, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పాత తరహా కనిపించే కొత్త స్విచ్చులు మార్కెట్‌లో దొరుకుతాయి. ఫిలమెంట్ ఎల్ఈడీ బల్బుల్లో 2700 కెల్విన్ ఉన్నది తీసుకుంటే పాత బల్బు పసుపు వెలుగు వస్తుంది, బిల్లు పెరగదు. రాతి గోడను తొలవకుండా పైపైనే పైపులో వైరు లాగడం కూడా రెట్రో తీరే.

పాత రేడియోలు: టెక్ బ్లాగ్ రాసేవాణ్ని కాబట్టి దీని గురించి నాలుగు ముక్కలు ఎక్కువ చెప్తాను. పాత రేడియో డబ్బాలో బ్లూటూత్ బోర్డు, చిన్న యాంప్లిఫయర్ పెట్టి హాల్లో ఉంచడం ఈసీఈ కుర్రాళ్లకు మంచి ప్రాజెక్ట్. అయితే వాల్వు రేడియో అయితే జాగ్రత్త. లోపల వందల వోల్టులుంటాయి. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో ఛార్జి కాసేపు ఉంటుంది. సరిగా డిశ్చార్జి చేయడం తెలిసినవాళ్ల పక్కన కూర్చునే తెరవండి. రేడియో ఇంకా పనిచేసేదయితే లోపలి భాగాలు పీకొద్దు. బాగుచేయించి అమ్మితేనే విలువ.

విప్పడం కూడా విద్యే

మిద్దెలు ఎలాగూ పోతున్నాయి. పోయే ఇంటినుంచి ఏం దక్కించుకోవాలి అన్నదే ప్రశ్న. జేసీబీతో కూల్చితే సగం బండలు పగులుతాయి, తలుపు చట్రం చీలుతుంది. పైనుంచి కిందికి వరుసగా విప్పుకుంటూ వస్తే పగిలేవి చాలా తగ్గుతాయి.

ఈ పనిని పెద్ద ఎత్తున చేసి చూపించిన చరిత్ర మనకుంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడే గుళ్లను రాయి రాయి విప్పి, వేరే చోట మళ్లీ నిలబెట్టారు. చాళుక్యుల కాలపు కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా అలంపురం చేరింది. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు మీదికి వచ్చింది. ఇలాంటి పనిలో మెళకువంతా ముందు కొలతలు, ఫొటోలు, బొమ్మలు. ఆపైన ప్రతి రాయికీ ఓ నంబరు. ఆ నంబరు తప్పితే గుడి లేదు, రాళ్లకుప్పే.

ఇళ్ల విషయంలో చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రను చూడండి. 1996లో మొదలైన ఈ మ్యూజియంలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. తమిళనాడు చెట్టినాడు కథ ఇంకో పాఠం. అక్కడ పెద్ద బంగళాలు కొన్ని ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. కారైకుడిలో పాత సామాన్ల బజారే ఏర్పడింది. మరికొన్ని హెరిటేజ్ హోటళ్లయి, వంటవాళ్ల నుంచి గైడ్ల దాకా ఊళ్లోవాళ్లకు పని ఇస్తున్నాయి. సామాను లారీ ఎక్కితే ఆదాయం ఒక్కసారే. ఇల్లు ఊళ్లోనే నిలబడితే ఆదాయం ఏటేటా. గండికోట, బేలం, యాగంటి, అహోబిలం దారుల్లో టూరిస్టులు తిరుగుతున్న మన ప్రాంతం ఈ తేడా గురించి ఆలోచించాలి.

చట్టం తెలుసుకోకుంటే చిక్కే

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం కనీసం వందేళ్ల నాటి చారిత్రక, కళాత్మక వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. కట్టడం నుంచి విడదీసిన భాగాలు కూడా ఇందులో ఉండొచ్చు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండాలి. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. కాబట్టి విగ్రహాలు, వీరగల్లులు, శాసనాలున్న రాళ్లు, పాడుబడ్డ గుడి స్తంభాలు.. వీటి జోలికి అసలు పోవద్దు. కంటపడితే పురావస్తు శాఖకో తహసీల్దారుకో చెప్పండి. చెక్కిన స్తంభం కావాలన్న కస్టమర్‌కు ఆళ్లగడ్డ శిల్పుల చేత కొత్తది చేయించి ఇవ్వండి. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అది రెట్రో, అది చట్టబద్ధం, పైగా మనవాళ్లకు పని.

కడప వైపు ఇంకో హెచ్చరిక. ‘పాత ఇంటి ఎర్రచందనం దూలం, చవగ్గా ఇస్తాం’ అని ఎవరైనా చెబితే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి.

ఎవరికి ఏ పని?

ఈ రంగంలో ‘రెట్రో డిజైనర్’ అని నోటిఫికేషన్ రాదు. పనులు ఇంటీరియర్ సంస్థల్లో, ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో, స్టోన్ యూనిట్లలో, సినిమా ఆర్ట్ విభాగాల్లో వేరువేరు పేర్లతో ఉంటాయి.

- సివిల్: కొలతల డ్రాయింగులు, పాత కట్టడం పరిశీలన, సైట్ సూపర్‌విజన్, క్వాంటిటీ లెక్కలు.
- ఈఈఈ, ఈసీఈ: పాత ఇంట్లో కొత్త వైరింగ్ డిజైన్, లైటింగ్, పాత పరికరాల మరమ్మతు.
- మెకానికల్: రాయి కోత, పాలిష్ యంత్రాలు, సీఎన్‌సీ చెక్కడం.
- సీఎస్ఈ: త్రీడీ మోడళ్లు, విప్పిన సామాన్ల కేటలాగ్, ఫొటోల నుంచి త్రీడీ తయారుచేసే ఫొటోగ్రామెట్రీ.
- బీకాం, బీబీఏ: సామాను సేకరణ, ధర కట్టడం, రవాణా, జీఎస్టీ.
- బీఏ చరిత్ర, టూరిజం: ఇళ్ల చరిత్ర సేకరణ, హోమ్‌స్టే నిర్వహణ.

సినిమా రంగాన్ని మరిచిపోవద్దు. 2009లో వచ్చిన ‘అరుంధతి’ తర్వాత బనగానపల్లె నవాబు బంగళాను జనం ‘అరుంధతి కోట’ అనే పిలుస్తున్నారు. 2018లో ‘రంగస్థలం’ కోసం 1980ల నాటి పల్లెటూరిని సెట్టుగా కట్టారు. వెబ్ సిరీస్‌ల కాలంలో ఇలాంటి పీరియడ్ కథలకు ఏ దశాబ్దంలో ఏ స్విచ్చు, ఏ గ్రిల్లు, ఏ కుర్చీ ఉండేదో తెలిసినవాళ్లు కావాలి.

ధర కట్టడం నేర్చుకోండి

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఉదాహరణకు ఓ పాత తలుపు 8 వేలకు దొరికిందనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, మార్కెట్ రేట్లు కావు. రవాణా 1,500. మేకులు పీకి, చెదల మందు కొట్టి, చట్రం సరిచేయడానికి వడ్రంగికి 6 వేలు. రంగు తీసి ఆయిల్ ఫినిష్‌కు 3 వేలు. మొత్తం 18,500. అంటే కొన్న ధర సగం కూడా కాదు! కస్టమర్‌కు ‘పాత తలుపు కదా, చవగ్గా వస్తుంది’ అని మాటిస్తే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. పాత సామానులో చేతిపని ఖర్చే ఎక్కువ. కొటేషన్‌లో సామాను, కూలీ, రవాణా, మీ ఫీజు నాలుగూ వేరువేరుగా రాయండి.

చదువులు, అర్హతలు

ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవాలంటే ఐదేళ్ల బీఆర్క్, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి చట్టబద్ధ రిజిస్ట్రేషన్ లేదు. అందుకే ఈ రంగంలోకి రావడం సులువు. అందుకే పోటీ కూడా ఎక్కువ, పనే సర్టిఫికెట్.

కడపలోనే డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2020 నుంచి ఉంది. బీఆర్క్‌కు నాటా, ఎన్ఐటీలు, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి వాటికి జేఈఈ మెయిన్ పేపర్-2. ఇప్పటికే డిగ్రీ, బీటెక్ పూర్తి చేసినవాళ్లు సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎండెస్‌కు ప్రయత్నించవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఏళ్లు వెచ్చించలేనివాళ్లకు ఐటీఐల్లో ఇంటీరియర్ డిజైన్ ట్రేడ్ ఉంది. ఏటా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ చదివే అప్లై చేయండి.

ముప్పై రోజుల పోర్ట్‌ఫోలియో

ఇంటర్వ్యూలో ‘నాకు ఆసక్తి ఉంది’ అనడం కంటే ఓ ఇంటిని తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టండి.

మొదటి వారం: మీ ఊళ్లోనో, మీ అమ్మమ్మ ఊళ్లోనో ఒక పాత ఇల్లు ఎంచుకోండి. ఇంటివాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే లోపలికి పోండి. టేపు, నోట్‌బుక్, ఫోన్ చాలు. గదుల కొలతలు, గోడ మందం, తలుపుల ఎత్తు, అరుగు వెడల్పు రాసుకోండి. మిద్దె మీదికి మాత్రం ఎక్కొద్దు.

రెండో వారం: ఆటోక్యాడ్‌లోనో స్కెచప్‌లోనో ప్లాన్ గీయండి. బ్లెండర్ ఉచితమే. తలవాకిలిని చుట్టూ తిరిగి ఫొటోలు తీసి త్రీడీ మోడల్ చేయండి.

మూడో వారం: ఒక్క పేజీ పట్టిక. వస్తువు, కొయ్య లేదా రాయి రకం, ప్రస్తుత స్థితి, ఉంచాలా మార్చాలా, ఎందుకు. దీని మీదే ఎక్కువ కష్టపడండి. ఇంట్లోని పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని దూలం ఎక్కడినుంచి వచ్చింది, బండలు ఏ గనివి, ఎవరు కట్టారు అడగండి. వాళ్లు వాడే మాటలు అలాగే రాసుకోండి.

నాలుగో వారం: ఆ ఇంటికి రెండు డిజైన్లు. ఒకటి ఇల్లు ఉంచి బాగుచేసేది. రెండోది ఇల్లు తప్పదని విప్పితే, అదే కుటుంబం కట్టుకునే కొత్త ఇంట్లో ఆ సామాన్లు ఎక్కడెక్కడ వస్తాయో చూపేది. రెండింటికీ అంచనా ఖర్చు. ఒక ప్రతి ఇంటివాళ్లకు ఇచ్చి రండి.

చివరగా..

ఈ రంగం సాఫ్ట్‌వేర్‌లా నెల తిరగ్గానే జీతం పడేది కాదు. మొదట్లో పనులు అడపాదడపా వస్తాయి. దుమ్ము, ఎండ, వడ్రంగి రాని రోజులు, మాట మార్చే కస్టమర్లు తప్పరు. అందుకే ఉద్యోగం వదులుకుని దూకమని ఎవరూ చెప్పకూడదు. ముందు ఒక సంస్థలో సైట్ అసిస్టెంట్‌గానో డ్రాఫ్టింగ్‌లోనో చేరి, శని ఆదివారాలు పాత ఇళ్లకు ఇస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం తొందర అవసరం. సాఫ్ట్‌వేర్ కోర్సు వచ్చే ఏడాదీ ఉంటుంది. మీ వీధి చివరి మిద్దె, దాన్ని కట్టడం తెలిసిన బేల్దారి తాత వచ్చే ఏడాదికి ఉంటారన్న హామీ లేదు. ఈ ఆదివారం టేపు పట్టుకుని ఆ ఇంటి తలుపు తట్టండి.